గృహశిల్పము: వేఁడిజిగురుతో నీటైన పని



దసరాకు బొమ్మలకొలువు తీర్చునపుడును, పిల్లలచే అట్టలతోడను రంగుకాగితములతోడను చిన్నవస్తువులు చేయించునపుడును నేఁడు మన యిండ్లలో గ్లూగన్ అను పనిముట్టు మిక్కిలి వాడుకలోనికి వచ్చినది. మైదాపిండి జిగురు ఆఱుటకు చాలసేపు పట్టును. ఇది నిమిషములోపలనే బిగియును. కాని త్వరగా బిగియు జిగురునందు తప్పు దిద్దుకొనుటకు వ్యవధి యుండదు. పని ముగిసిన పిదప చూచినచో పూలనడుమ సాలెగూటి పోఁగులును, ముత్యములచుట్టు తెల్లని ముద్దలును కనఁబడి, పడిన శ్రమయంతయు వ్యర్థమైనట్లు తోఁచును. ఇది చేతిలో నేర్పులేమి కాదు. వేఁడిని, జిగురు కొలఁదిని గమనింపకపోవుటయే దీనికి కారణము.

ఈ జిగురుకడ్డీలు సాధారణముగా ఇథిలీన్ వినైల్ ఎసిటేట్ అను ప్లాస్టిక్కుతో చేయఁబడును. అది వేఁడికి కరఁగును, చల్లాఱఁగా గట్టిపడును. చిన్న గన్నులకు 7 మిల్లీమీటర్ల లావుగల కడ్డీలును, పెద్దవానికి 11 మిల్లీమీటర్ల కడ్డీలును తఱచుగా వాడుదురు. తక్కువవేఁడి గన్ను సుమారు 120 డిగ్రీల సెంటీగ్రేడు వఱకును, ఎక్కువవేఁడిది సుమారు 190 డిగ్రీల వఱకును కాఁగును. థర్మాకోలునకు, పలుచని రిబ్బనులకు మొదటిదే తగినది. రెండవదానితో థర్మాకోలు కరఁగి గుంటపడును. కొయ్యకు, మందపు అట్టకు ఎక్కువవేఁడి మేలు.

ఇఁక పని చేయు విధము. గన్నును దాని కాలిపై నిలిపి, అయిదు నిమిషములు కాఁగనిండు. ప్రక్కకు పరుండఁబెట్టవలదు; కరఁగిన జిగురు వెనుకకు పాఱి యంత్రము చెడును. మూతిక్రింద నూనెకాగితమో, పాత పళ్లెమో ఉంచుఁడు. అంటింపవలసిన చోటును ముందుగా పెన్సిలుతో గుర్తించి, దుమ్ము తుడిచి, అంటించు వస్తువును ఎడమచేత సిద్ధముగా పట్టుకొనుఁడు. మీటను మెల్లగా నొక్కి పెసరగింజంత చుక్కను, అంచునకు తగులకుండ నడుమ వేయుఁడు. అదిమినపుడు అదియే వ్యాపించును. చుక్క వేసిన వెంటనే మీటను వదలి, మూతిని అచ్చటనే చిన్నచుట్టు త్రిప్పి పైకెత్తుఁడు. ఇట్లు చేసినచో పోఁగు తెగిపోవును. పొడవైన గీఁతను ఒక్కసారిగా వేయక, జానెడు చొప్పున అంటించుచు పొండు. మిగిలిన పోఁగులను చల్లాఱిన పిదప జుట్టు ఆఱఁబెట్టు యంత్రపు వేఁడిగాలితో తొలఁగింపవచ్చును.

నీటు కంటె ముఖ్యమైనది క్షేమము. కరఁగిన జిగురు చర్మమున కంటుకొని, చల్లాఱువఱకు కాల్చుచునే యుండును. చిన్నపిల్లలకు గన్ను నీయక, వస్తువులను అమర్చు పనిని మాత్రమే అప్పగింపుఁడు. చిన్నపూసలను వ్రేళ్ళతో గాక పట్టకారుతో ఉంచుఁడు. చేయి కాలినచో వెంటనే చల్లని నీటిధారక్రింద 20 నిమిషములు ఉంచవలయును. జిగురును పెఱికినచో చర్మముకూడ ఊడివచ్చును, కావున లాగవలదు. మంచుగడ్డ, సిరా, పండ్లపేస్టు రాయవలదు. జిగురు ఊడకున్నను, బొబ్బ పెద్దదైనను వైద్యునకు చూపింపుఁడు.

మఱియొక మాట. దీపావళికి ప్రమిదల అంచులకు అద్దపుబిళ్ళలను ఈ జిగురుతో అంటించుట పలువురకు ముచ్చట. వత్తి వెలుఁగఁగా అంచు కాఁగి జిగురు మెత్తబడును; బిళ్ళలు జాఱి నూనెలో పడును. ఈ ప్లాస్టిక్కునకు మండు స్వభావముకూడ కలదు. కనుక వెలిఁగించు ప్రమిదకు దీనిని వాడక, ఆ యలంకారమును కొలువు మెట్లకో, తోరణమునకో చేయుఁడు.

పని ముగిసిన వెంటనే విద్యుత్తును ఆపి, గన్ను పూర్తిగా చల్లాఱిన పిదపనే దాఁచుఁడు. తక్కువ జిగురు, తగిన వేఁడి, తొందరలేని చేయి: ఈ మూఁడును కుదిరినచో, మీ చేతిపనిని చూచువారికి పూవు కనఁబడును గాని జిగురు కనఁబడదు.