ఆసుపత్రులెన్నో చెబుతారు.. చికిత్స పూర్తయ్యేది ఎందరికి?

ఈశాన్యంలో క్యాన్సర్ అనగానే పాలకులు ఎన్ని ఆసుపత్రులు కట్టామో లెక్క చెబుతారు. 2022 ఏప్రిల్ 28న అస్సాంలోని దిబ్రూగఢ్ నుంచి ప్రధాని ఒకే రోజు ఏడు క్యాన్సర్ ఆసుపత్రులు ప్రారంభించి, మరో ఏడింటికి శంకుస్థాపన చేశారు. 2025-26 కేంద్ర బడ్జెట్ దేశమంతటికీ 200 డేకేర్ కేంద్రాలు ప్రకటించింది. క్యాన్సర్ రేటు పురుషుల్లో మిజోరంలోని ఐజ్వాల్‌లో, మహిళల్లో అరుణాచల్‌లోని పాపుంపారేలో దేశంలోకెల్లా ఎక్కువని 2020లోనే జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ తేల్చింది. కట్టడాలు అవసరమే, కాదనలేం. కానీ చికిత్సను చివరిదాకా తీసుకుంటున్నవారు ఎందరని అడిగే నాథుడే లేడు.

అస్సాంలోని సిల్చర్‌లో ఆ ప్రశ్న వేసుకున్నారు. అక్కడ స్వచ్ఛంద సంస్థ నడిపే కచార్ క్యాన్సర్ ఆసుపత్రి 1996లో మొదలైంది. 2007లో చెన్నై అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌ను వదిలి సర్జన్ రవి కన్నన్ అక్కడికి వెళ్లారు. చికిత్స పూర్తిగా తీసుకునేవారు ఒకప్పుడు 28 శాతమే. అది 70 శాతానికి పెరిగిందని 2023లో ఆయనకు వచ్చిన మెగసెసే పురస్కార పత్రమే చెబుతోంది.

28 శాతం అంటే వందలో 72 మంది డాక్టరు దాకా వచ్చి కూడా చికిత్స పూర్తి చేయలేదన్నమాట.

ఎందుకో తేయాకు తోటకెళ్తే తెలుస్తుంది. 2023 అక్టోబరు పెంపుతో, సిల్చర్ ఉన్న బరాక్ లోయలో తోట కార్మికుల రోజుకూలి 228 రూపాయలు అయింది. రేడియేషన్ వారానికి అయిదు రోజుల చొప్పున వారాల తరబడి సాగుతుంది. రోగితోపాటు తోడుగా వచ్చినవారి కూలీ కూడా పోతుంది. ఆ కూలి లెక్కన, వారానికి ఆరు పనిదినాల చొప్పున ఆరు వారాలకు ఇద్దరికీ కలిపి 16 వేల పైమాటే. ఆయుష్మాన్ కార్డు మందులకు, మంచానికి పనికొస్తుంది కానీ ఈ కూలీని ఇవ్వదు. అందుకే సిల్చర్‌లో తోడొచ్చినవారికి తాత్కాలిక పని ఇచ్చారు, తిండి, వసతి చూశారు. ఆసుపత్రి బృందాలు రోగుల ఇళ్లకు వెళ్లి నొప్పిని ఎలా అదుపు చేయాలో ఇంటివాళ్లకు నేర్పి, మందులు ఉచితంగా ఇచ్చాయి. బెంగాలీ, మణిపురి, దిమాసా, హ్మార్, తోటల సాద్రి వినిపించే ఆ లోయలో నొప్పి మందు ఎంత మోతాదులో వాడాలో ఇంటివాళ్ల భాషలో చెప్పకపోతే మందిచ్చినా వృథాయే.

స్వచ్ఛంద సంస్థ చేసింది ప్రభుత్వానికి సాధ్యమా అని కొందరి సందేహం. టీబీ రోగికి తిండి కోసం నెలకు వెయ్యి రూపాయలు ఇస్తున్నది కేంద్ర ప్రభుత్వమే కదా! క్యాన్సర్ రోగికి తోడొచ్చిన మనిషికి కూలీ ఇవ్వడానికి చేతులెందుకు రావు?

28 నుంచి 70కి చేరిన దారి కళ్లముందే ఉంది. దాన్ని పక్కనపెట్టి రిబ్బన్లు కత్తిరించుకుంటూ పోవడం రోగులకు చేస్తున్న అన్యాయం. చికిత్స మొదలుపెట్టినవారెందరో, పూర్తి చేసినవారెందరో ఆసుపత్రివారీగా ఏటా అస్సాం శాసనసభ ముందు పెట్టాలి. దిబ్రూగఢ్ నుంచి ప్రారంభించిన ఆ ఏడింటితోనే మొదలుపెట్టాలి.