అంతర్వేదికి ఏ దారిన వెళ్దాం?

సెలవులు వచ్చాయంటే చాలు, పిల్లలు "సముద్రం, సముద్రం" అంటూ మొదలుపెడతారు. పెద్దవాళ్ళేమో "ఏదైనా క్షేత్రమైతే బాగుండును" అంటారు. శ్రీవారు జేబు తడుముకుంటారు. ఈ ముగ్గురి మాటా నెగ్గే ఊరు ఒకటుంది. అదే కోనసీమ చివరనున్న అంతర్వేది. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేది అక్కడే. లక్ష్మీనరసింహస్వామి గుడి, లైట్‌హౌస్, కొబ్బరితోటలు, ఇసుక తీరం, అంతే ఆ ఊరు. మాఘమాసంలో శుద్ధ దశమి రాత్రి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం. ఆ రోజుల్లో మాత్రం ఇసుక వేస్తే రాలదు. చంటిపిల్లలూ, ముసలివాళ్ళూ ఉన్నవాళ్ళు అప్పుడు కాక మామూలు రోజుల్లో వెళ్తే ప్రశాంతంగా ఉంటుంది.

అంతర్వేది దాకా రైలు లేదు. అందుకే ఎలా వెళ్ళాలో ఇంట్లోనే తేల్చుకుని బయల్దేరాలి.

రైలు, పంటు దారి: హైదరాబాదు వాళ్ళు రాత్రి నరసాపురం రైలెక్కితే ఉదయానికి దిగుతారు. విజయవాడ నుంచి గుడివాడ, భీమవరం మీదుగా రైళ్ళున్నాయి. నరసాపురమే ఆఖరి స్టేషను కాబట్టి, సామాన్లతో కంగారుపడి దిగాల్సిన పని లేదు. టిక్కెట్టు తీసేటప్పుడు పెద్దావిడ వయసు సరిగ్గా రాయించండి. నలభై అయిదు దాటిన ఆడవాళ్ళకు, ఖాళీ ఉంటే కింది బెర్తు ఇస్తారు.

స్టేషను నుంచి ఆటోలో మాధవాయిపాలెం రేవుకు వెళ్ళి, పంటు మీద గోదావరి దాటితే సఖినేటిపల్లి. మనుషులతోపాటు స్కూటర్లు, కార్లు కూడా పంటు ఎక్కుతాయి. అవతల మళ్ళీ ఆటోనో, బస్సో. పిల్లలకు ఇంతకంటే సరదా దారి లేదు. కానీ వానాకాలంలో గోదావరికి వరదొస్తే పంటు ఆపేస్తారు. రాత్రి పొద్దుపోయాక కూడా పంటు ఉంటుందని నమ్ముకోకూడదు. ఆఖరి పంటు ఎన్నింటికో వెళ్ళేటప్పుడే రేవులో అడిగి ఉంచుకోండి.

వంతెన దారి: పంటు లేనప్పుడు, లేదా నీళ్ళంటే భయమున్నవాళ్ళు ఉన్నప్పుడు ఇదే మేలు. పాలకొల్లు మీదుగా వచ్చి చించినాడ వంతెన దాటి, దిండి, మలికిపురం మీదుగా సఖినేటిపల్లి చేరుకోవచ్చు. నరసాపురం నుంచి చూస్తే ఇది చుట్టుదారే. కానీ కారులో కూర్చున్నవాళ్ళు మళ్ళీ అంతర్వేదిలోనే దిగుతారు.

రాజమండ్రి దారి: విశాఖ వైపు నుంచి వచ్చేవాళ్ళు రాజమండ్రిలో రైలు దిగి, రావులపాలెం, రాజోలు మీదుగా బస్సుల్లో వెళ్ళొచ్చు. బస్సు మారాల్సి వస్తుంది కాబట్టి పొద్దున్నే బయల్దేరడం మంచిది. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టిక్కెట్టు లేదు కదా! ఆ రాష్ట్రపు చిరునామా ఉన్న గుర్తింపు కార్డు పర్సులో పెట్టుకోవడం మరవకండి.

ఇక అసలు సంగతి. మూడింట్లో ఏది చవక, ఏది దగ్గర అని మగవాళ్ళు లెక్క వేస్తారు. మనం ఇంకో లెక్క కూడా వేయాలి. ఇంట్లో అందరికంటే నడవలేనివాళ్ళు ఎవరు? ఆ మనిషి ఎన్నిసార్లు ఎక్కి దిగాలి? మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. నది సముద్రంలో కలిసేచోటు చూడాలని ఆవిడకు ఎన్నేళ్ళుగానో కోరిక. రైలు, ఆటో, పంటు, మళ్ళీ ఆటో అంటే నాలుగుసార్లు ఎక్కి దిగాలి. రానూపోనూ ఎనిమిది. "నేనింట్లో ఉంటాలే, మీరు వెళ్ళి రండి" అనేశారు. ఆ మాట వినగానే మనం సరేనంటే అంతే, ఆ కోరిక అలాగే ఉండిపోతుంది. భీమవరంలో కారు మాట్లాడుకుని వంతెన మీదుగా తీసుకెళ్ళాం. ఖర్చు ఎక్కువే అయ్యింది. ఆ నెల వేరే ఖర్చులు తగ్గించి సర్దుకున్నాను. ఆవిడ అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర చెయ్యెత్తి దణ్ణం పెట్టుకుంటుంటే మాత్రం, ఆ డబ్బు గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

మరో మూడు మాటలు. సంగమం దగ్గర లాగుడు ఎక్కువ. అలలు చిన్నవే కదా అని పిల్లల్ని లోపలికి పంపకండి, మోకాలి లోతు దాటనివ్వకండి. మంచినీళ్ళు, పెద్దవాళ్ళ మాత్రలు ఒక సంచిలో విడిగా పెట్టుకుని, మీ చేతిలోనే ఉంచుకోండి. తినడానికి చింతపండు పులిహోర చేసుకోండి. పూర్తిగా చల్లారాకే డబ్బాకెత్తితే సాయంత్రందాకా బాగుంటుంది. దద్దోజనం మాత్రం పొద్దున్న పదిలోపే తినేయండి.

అక్కడికెళ్ళి కూడా పళ్ళేలు, గిన్నెలు కడుగుతూ కూర్చోకండి. విస్తరాకులు పట్టుకెళ్ళండి, తిన్నాక అవన్నీ ఏరి సంచిలో వేసుకోండి. మిగిలిన కాసేపూ ఇసుకలో కాళ్ళు చాపుకుని కూర్చోండి. సముద్రం మీక్కూడా కావాలి కదా!