రెండో ముడి

ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో వానలు మొహం చాటేసిన ఏడు జనం 'సుగ్గి'కి పోతారు. సుగ్గి అంటే కూలి వెతుక్కుంటూ వలస పోవడం. గుంటూరు మిరపచేలకో, బెంగుళూరు కట్టడాలకో బయలుదేరే ఆ మనిషి డబ్బంతా ఒకచోట కట్టడు. కొంత తన మొలలో, కొంత ఇల్లాలి కొంగున. ఒక ముడి పోయినా రెండోది ఇల్లు చేరుస్తుంది.

ఇప్పుడు మన పిల్లలు అమెరికాకూ, గల్ఫుకూ వెళుతున్నారు. పచ్చళ్ళకూ పొడులకూ పెట్టెలు చాలవు గాని, రెండో ముడి సంగతి ఎవరికీ గుర్తుండదు. డబ్బు పోతే అప్పు పుడుతుంది. పాస్‌పోర్టు పోతే? అక్కడి పోలీసులకు ఫిర్యాదు చేసి, ఆ కాగితంతో మన రాయబార కార్యాలయానికి వెళ్ళాలి. కొత్తది రావడానికి వ్యవధి లేకపోతే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. అది స్వదేశం తిరిగి రావడానికి మాత్రమే. పాస్‌పోర్టు నకలు చేతిలో ఉంటే ఈ పనులన్నీ సులువు. కనుక ఒక నకలు వేరే సంచిలో, మరొకటి ఇంట్లో ఉండాలి.

దొంగ దగ్గర కంటే పెద్దమనిషి దగ్గర ఇంకా జాగ్రత్త! "మా దగ్గర భద్రంగా ఉంటుంది, ఇవ్వు" అనే యజమానులు కొందరుంటారు. 1967 పాస్‌పోర్టుల చట్టం 17వ సెక్షను ప్రకారం అది భారత ప్రభుత్వపు సొత్తు. తాకట్టు పెట్టడానికి మనదీ కాదు, దాచుకోవడానికి వారిదీ కాదు. అది చేజారిందా, జీతం ఎగ్గొట్టినా కదలడానికి ఉండదు.

పచ్చడిసీసా మూత రెండుసార్లు బిగించి చూసే అమ్మలూ! నకలు తీయించాడో లేదో అబ్బాయిని ఒక్కసారి అడగండి.