వెలిగి ఆరిన హెచ్చరిక దీపము

నేటి యుగము యంత్రయుగమనుట పాతబడిన మాట. యంత్రము మనుష్యునితో మాటలాడు కాలము వచ్చినది. మాటలాడుట యనగా నోటితో కాదు, దీపములతో. ఒకప్పుడు మోటారు బండి నడుపువాని యెదుట వేగమును తెలుపు ముల్లు, పెట్రోలు ముల్లు, నీటివేడిని తెలుపు ముల్లు ఉండెడివి. నేటి కారు తాళము త్రిప్పగానే పదిపదునైదు దీపములు ఒక్కసారి వెలిగి ఆరుచున్నవి. వానిలో ఒకటి వేళగాని వేళ వెలిగి, మనము చూచునంతలో ఆరిపోయినచో ఏమి చేయవలెను? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడవచ్చును. మాకు మాత్రము అది మూడు మాసముల నిద్రను చెరచినది.

గత సంవత్సరము వర్షకాలారంభమున మేము ఒక కొత్త కారు కొంటిమి. ఇరువది యేండ్లు స్కూటరుపై తిరిగి, బ్యాంకు అప్పుతో కొన్న కారు. కొన్న నలుబది దినములకు కర్నూలు నుండి హైదరాబాదునకు 44వ నంబరు జాతీయ రహదారిపై పోవుచుంటిమి. వెనుక సీటులో మా తల్లిగారు, ఇద్దరు పిల్లలు. జడ్చర్ల దాటిన పిమ్మట వాన వెలిసి రోడ్డు తడిగా నున్నది. వంపు తిరుగుచుండగా ఎదుట ఒక పసుపు దీపము వెలిగెను. కారు బొమ్మ, దాని క్రింద పాము ప్రాకినట్లు రెండు వంకర గీతలు. బండిని ప్రక్కకు తీసి, తాళము ఆపి మరల త్రిప్పితిమి. దీపము ఆరిపోయినది.

"ఏమైంది నాయనా?" అని తల్లిగారు అడిగిరి.

"ఏం లేదమ్మా" అంటిమి. ఆ మాట నిజమో కాదో మాకే తెలియదు.

ఆ దీపము ఈ.ఎస్.సి. అను సాధనమునకు చెందినది. దీనిని మనము స్థిరత్వ నియంత్రణ మనవచ్చును. 1995లో బాష్ సంస్థ, మెర్సిడెస్ బెంజ్ సంస్థ కలిసి దీనిని మొదట ఖరీదైన కారులందు ప్రవేశపెట్టినవి. ధనికుల కారులకే పరిమితమై యుండవలసిన ఈ సాధనము సామాన్యుల కారులలోనికి వచ్చుటకు ఒక వింత సంఘటన దోహదము చేసినది. 1997లో స్వీడను దేశమునందు ఒక మోటారు పత్రికవారు చిన్న మెర్సిడెస్ కారును పరీక్షించుచు, ఎదుట దుప్పి అడ్డము వచ్చినట్లు భావించి చక్రమును ఒక ప్రక్కకు, వెంటనే మరియొక ప్రక్కకు త్రిప్పగా ఆ కారు బోల్తాపడినది. తయారీదారులు ఆ చిన్నకారు లన్నింటికిని ఈ సాధనమును అమర్చవలసి వచ్చెను. మన రోడ్లపై దుప్పులు లేకపోవచ్చును. గేదెలు కలవు, వడ్లు ఆరబోసిన కళ్ళములు కలవు, దీపము లేని ట్రాక్టర్లు కలవు. అమెరికా రవాణా భద్రతా శాఖవారు 2007లో వేసిన అంచనా ప్రకారము ఒంటరి వాహన ప్రమాదములు దీనివలన సాధారణ కారులలో 34 శాతము, ఎత్తైన జీపు వంటి వాహనములలో 59 శాతము తగ్గును. అక్కడ 2012 మోడలు నుండి, ఐరోపాలో 2014 నవంబరు నుండి ప్రతి కొత్త కారునకు ఇది తప్పనిసరి. మన దేశమున దీనికి సోదరుని వంటి ఏ.బి.ఎస్. అను బ్రేకు సాధనము 2019 ఏప్రిల్ నుండి తప్పనిసరియైనది.

ఇది పనిచేయు తీరు భౌతికశాస్త్ర విద్యార్థులకు విందు వంటిది. నాలుగు చక్రముల వద్ద నాలుగు సెన్సారులు ఒక్కొక్క చక్రము తిరుగు వేగమును తెలుపును. స్టీరింగు ఎంత కోణము తిరిగినదో చెప్పునది మరియొకటి. కారు తన నిలువు అక్షము చుట్టు ఎంత వేగముగా తిరుగుచున్నదో, ప్రక్కకు ఎంత త్వరణము కలుగుచున్నదో చెప్పునవి వేరు. మనిషి ఎటు పోగోరుచున్నాడు, బండి ఎటు పోవుచున్నది అను రెండింటిని కంప్యూటరు సెకనుకు 25 పర్యాయములు పోల్చి చూచును. రెండును సరిపడనిచో ఇంజను బలమును తగ్గించి, ఏదో ఒక చక్రమునకు మాత్రము బ్రేకు వేయును. బండి వెనుకభాగము జారి బయటికి తిరుగబోవునపుడు వెలుపలి ముందు చక్రమునకు, ముందుభాగము వంపు తిరుగక నేరుగా జారిపోవునపుడు లోపలి వెనుక చక్రమునకు. నాలుగు చక్రములలో ఒక్కదానికే బ్రేకు వేయుట ఎంత గొప్ప డ్రైవరు కాలికైనను సాధ్యము కాదు.

కావున ఆ దీపపు భాషను మొదట నేర్చుకొనవలెను. అది టపటప మిణుకుమిణుకుమని కొట్టుకొనినచో సాధనము ఆ క్షణమున పనిచేయుచున్నదని అర్థము. బురదలో, కంకరపై అట్లు జరుగుట సహజము, దోషము కాదు. వేగము తగ్గించిన చాలును. తాళము త్రిప్పినపుడు కొన్ని సెకనులు వెలిగి ఆరుట పరీక్ష మాత్రమే. ఆఫ్ అను అక్షరములతో వెలిగినచో ఎవరో మీట నొక్కి దానిని ఆపివేసినారు (మా యింట ఈ పని చేయగలవాడు ఏడేండ్ల వాడొక్కడే). కాని నడుచుచుండగా వెలిగి, కదలక మెదలక నిలిచినచో సాధనము తనలో ఏదో లోపమును కనిపెట్టి తప్పుకొన్నదని అర్థము. అప్పుడు మామూలు బ్రేకులు పనిచేయును; నిదానముగా ఇల్లు చేరవచ్చును. దానితోబాటు ఎర్రని బ్రేకు దీపము కూడ వెలిగినచో మాత్రము ముందుకు పోరాదు.

మా దీపము పదునొకండు దినములు కనబడక మరల ఒక సాయంకాలము నంద్యాల రోడ్డుపై వెలిగినది. మరునాడు కారు కొన్న చోటనే గల సేవాకేంద్రమునకు పోతిమి. అప్పటికి దీపము ఆరియున్నది.

"ఇప్పుడు లైటు లేదు గదా సార్. లేనిదాన్ని ఏమని చూసేది?" అని అక్కడి ఉద్యోగి చిరునవ్వుతో అనెను. "సెన్సార్ల బండి సార్, ఒక్కోసారి అట్లనే వస్తుంది. ఏం కాదు, తోలుకోండి."

రెండు గంటలు కూర్చుండబెట్టి ఒక కాగితమిచ్చిరి. దానిలో రెండు వాక్యములు: దోషము కనబడలేదు, మెమరీ క్లియర్ చేయబడినది. బండిని కడిగి ఇచ్చిరి. ఇంటికి వచ్చుచు మూడవ వంపులో దీపము వెలిగెను.

ఆ కాగితమును ఆ రాత్రి మరల చదివితిమి. దోషమే లేనిచో చెరిపినది దేనిని? కారులోని కంప్యూటరు దీపము వెలిగించినపుడెల్ల కారణమును ఒక కోడు రూపమున తన జ్ఞాపకములో వ్రాసికొనును. దీపము ఆరినను ఆ వ్రాత ఉండును. దానిని చదివి, కాగితముపై ఎక్కించి, పిమ్మట చెరిపిన అది వైద్యము. చదువక చెరిపిన అది సాక్ష్యమును రూపుమాపుట. మా విమర్శ యంతయు ఈ ఒక్క విషయము పైననే. ఆ ఉద్యోగి చెడ్డవాడని మేమనము. అతని కిచ్చిన పని దీపము లేని బండిని సాయంత్రములోపల తిరిగి పంపుట. అతడు దానిని చేసినాడు.

చలిజ్వరము మన ప్రాంతమువారికి కొత్త కాదు. 1897 ఆగస్టులో రోనాల్డ్ రాస్ మలేరియా పరాన్నజీవిని దోమలో కనుగొన్నది మన సికింద్రాబాదుననే. దినము విడిచి దినము వచ్చు ఆ జ్వరమున, జ్వరము లేని దినమున రోగి లేచి తిరుగును, అన్నము తినును, పరాన్నజీవి మాత్రము రక్తములోనే యుండును. ఆ దినమున నాడి చూచి, నీకేమియు లేదు పొమ్మను వైద్యుని మనము వైద్యుడని పిలువము.

మేము ఒక నోటుపుస్తకమును కారులో పెట్టితిమి. దీపము వెలిగినపుడెల్ల బండిని ఆపి తేది, వేళ, వాన కలదా లేదా, ఎంత వేగము, ఎటు తిరుగుచుంటిమి, ఏయే దీపములు అని వ్రాసితిమి. మూడవ వ్రాతలోనే ఒక సంగతి బయటపడినది. వెలుగుచున్నది ఒక దీపము కాదు, రెండు. ప్రక్కన ఏ.బి.ఎస్. దీపము కూడ వెలుగుచుండగా భయముచేత మేము మొదటి దానినే చూచియుంటిమి. ఇది చిన్న భేదము కాదు. స్థిరత్వ దీపము ఒక్కటే వెలిగినచో స్టీరింగు కోణపు సెన్సారును, బ్రేకు పెడలు వద్ద స్విచ్చిని, కొన్ని బండ్లలో ఇంజను దోషమును సయితము అనుమానింపవచ్చును. రెండును కలిసి వెలిగినచో చూపు మొదట చక్రముల వద్ద సెన్సారులపైకి పోవలెను. ఏలయన ఆ రెండు సాధనములకును ఉమ్మడి కన్నులు అవియే. ఏడు వ్రాతలు పూర్తియగునప్పటికి తక్కినది కూడ తేలినది. ఏడును వాన పిమ్మటనో, కారు కడిగిన పిమ్మటనో జరిగినవి. ఏడింటిలో ఆరు ఎడమవైపు తిరుగునపుడు జరిగినవి.

మా వీధి చివర ముప్పదియేండ్లుగా బండ్లు బాగుచేయు ఒక పెద్దమనిషి కలడు. నోటుపుస్తకమును ఆయనకు చదివి వినిపించితిమి. ఆయన బండిని ముట్టలేదు. "వారంటీ బండి సార్, నేను చెయ్యి పెడితే రేపు నా మీద చెప్తారు. వైరు సార్ అది. చక్రం తిరిగితే వైరు గుంజుకుంటాది. నీళ్ళు తాకినాక గుంజుకుంటే లైటు. సెన్సారు మార్చమంటే ఒప్పుకోవద్దు, ముందు జాయింటు చూడమనండి" అనెను.

మరునాడు బుద్ధిపూర్వకముగా కారును నీటితో కడిగించి, ఎడమవైపు మలుపులు తిరిగి తిరిగి దీపమును వెలిగించుకొని, ఇంజను ఆపకుండ సేవాకేంద్రమునకు మెల్లగా పోయి నిలిచితిమి. ఈ మారు ఐ.టి.ఐ. చదివి వచ్చిన ఒక యువకుడు ముందుకు వచ్చెను. నోటుపుస్తకమును నిలుచున్నచోటనే రెండు పర్యాయములు చదివెను. కంప్యూటరు తగిలించి, కోడును కాగితముపై వ్రాసెను: కుడి ముందు చక్రపు వేగ సెన్సారు మార్గము. చక్రమును ఎత్తి చూడగా తీగెల కనెక్టరు చివరి వరకు బిగియలేదు. లోపల నీటి చెమ్మ, పచ్చని చిలుము. కర్మాగారమున ఎవరి వ్రేలో ఒక్క నొక్కు తక్కువ నొక్కినది. శుభ్రము చేసి, క్లిక్కుమని శబ్దము వచ్చువరకు బిగించి, తీగెను కదిపి కదిపి చూచి, పిమ్మటనే కోడును చెరిపెను. పని నలుబది నిమిషములు.

దీపము మరల మరల ఏల ఆరుచుండెను? ఈ తరహా సెన్సారు గుండా ప్రవహించు విద్యుత్తు, చక్రము తిరుగుచుండగా, 7 మిల్లీ ఆంపియర్లకును 14 మిల్లీ ఆంపియర్లకును నడుమ ఊగుచుండును. చిలుము వలన తీగెలో నిరోధము పెరిగినచో, నీటి వలన విద్యుత్తు ప్రక్కదారి పట్టినచో ఆ లెక్క తప్పును. మూడు చక్రములు అరువది కి.మీ. వేగము చెప్పుచుండ నాలుగవది మౌనము వహించినచో కంప్యూటరు దానిని నమ్మదు. బండిని ఆపి మరల తాళము త్రిప్పినపుడు తీగె సడలి యథాస్థానమునకు వచ్చియుండును, పరీక్ష నెగ్గును, దీపము ఆరును. కావున తాళము త్రిప్పి దీపమును ఆర్పుట మరమ్మతు కాదు. దిన దినము అట్లు ఆర్పుచు పోయినవానికి కొన్నాళ్ళకు ఆ దీపము కనబడుట మానును. వెలుగుచునే యుండును, కన్ను చూడదు. మేము ఆ స్థితికి ఎంత దగ్గరగా పోయితిమో తలచుకొనిన ఇప్పటికిని జంకు కలుగుచున్నది.

అన్ని బండ్లలో కారణము ఇదియే యని మేము చెప్పుట లేదు. బ్యాటరీ బలహీనమైనను, టైర్ల కొలతలు ఒకదానికొకటి సరిపడకున్నను, చక్రముల అలైన్‌మెంటు చేయించిన పిమ్మట స్టీరింగు సెన్సారునకు సున్న స్థానమును మరల నేర్పకున్నను ఇట్టి దీపమే వెలుగును. కోడు కూడ ఏ మార్గమున దోషమున్నదో చెప్పును గాని ఏ భాగమును మార్చవలెనో చెప్పదు. కొత్త సెన్సారు వేసి బిల్లు వ్రాయుట సులభము. కనెక్టరును విప్పి చూచుట కష్టము. వారంటీ ముగిసిన బండియైనచో ఏది జరిగి యుండెడిదో ఊహింపవచ్చును.

ఈ సందర్భమున కొనుగోలుదారు ప్రతి మారును జాబ్‌కార్డుపై తన ఫిర్యాదును తన మాటలలో వ్రాయింపవలెను. చెరుపుటకు ముందు కోడును వ్రాసి ఇమ్మని అడుగవలెను. 2020 జూలై నుండి అమలులో నున్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద సేవాలోపమునకు జిల్లా కమిషనును ఆశ్రయింపవచ్చును. అచ్చట మన నోటిమాట కన్న ఆ కాగితమే బలము. అంతకన్న లోతైన విషయ మొకటి కలదు. మా వీధి పెద్దమనిషి చెవితో, చేతితో కనిపెట్టినదానిని నిర్ధారించు యంత్రము ఆయన వద్ద లేదు. చవకగా దొరకు కోడు పరికరములు అనేకము ఇంజను కోడులను మాత్రమే చదువును. బ్రేకుల కంప్యూటరు వద్దకు పోలేవు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర ప్రజలు 2012లోనే ఓటు వేసి, తయారీదారులు డీలర్లకిచ్చు మరమ్మతు సమాచారమును బయటి మెకానిక్కులకును న్యాయమైన వెలకు అందునట్లు చేసికొనిరి. మన కేంద్ర ప్రభుత్వము 2022లో మరమ్మతు హక్కు పేర ఒక పోర్టలును తెరచి, అందు మోటారు వాహనములను ఒక విభాగముగా చేర్చినది. పోర్టలు చట్టము కాదు.

కళాశాల కార్యవర్గమువారికి ఒక విన్నపము. మన విద్యార్థులలో అనేకుల తండ్రులు, అన్నలు మోటారు పనివారే. భౌతికశాస్త్ర ప్రయోగశాలకు బ్రేకుల కోడులను కూడ చదువగల ఒక మంచి పరికరమును, ఒక పాత చక్రపు హబ్బును, ఒక ఆసిలోస్కోపును సమకూర్చినచో హాల్ ఫలితమును పుస్తకమున చదువు విద్యార్థి దానిని చేతితో త్రిప్పి తెరపై చూచును. శనివారము సాయంకాలములందు ఆ పనివారికి కూడ ప్రయోగశాల తలుపు తెరచినచో మరింత మేలు. మా వీధి పెద్దమనిషి వచ్చుటకు సమ్మతించినాడు. మొదటి పాఠము ఎవరు ఎవరికి చెప్పుదురో చూడవలసి యున్నది.

నోటుపుస్తకము ఇంకను కారులోనే యున్నది. ఎనిమిదవ పుటలో జనవరి నెల తేదితో ఒకే పంక్తి కలదు: వాన, అలంపురం చౌరస్తా, ఎడమ మలుపు, దీపము లేదు.