చెయ్యి వేయని వైద్యం

సంతలో గొర్రెను కొనే కసాయివాడు ముందు దాని నడుం పట్టి చూస్తాడు. చివరి పక్కటెముక దాటాక వెన్ను మీద అరచెయ్యి ఆనించి, వేళ్లతో రెండు పక్కలా నొక్కి, మాంసం ఎంత దిగుతుందో చెప్పేస్తాడు. పశువైద్యులమైన మేము మాత్రం దొడ్డి బయటే నిలబడి, మంద మీద ఒక చూపు వేసి, 'బాగానే ఉన్నాయి' అని రాసుకుని వచ్చాం. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని లోకం ఎగతాళి చేస్తుంది. నమ్మక ఏం చేస్తుంది? దాని ఒంటి మీద శ్రద్ధగా చెయ్యి వేసినవాడు అతనొక్కడే.

ఆ చెయ్యికి శాస్త్రం లేదని తప్పించుకోలేం. 1961లో ఆస్ట్రేలియాలో జెఫ్రీస్, 1969లో స్కాట్లండ్‌లో రస్సెల్, డోనీ, గన్ రాసిపెట్టిన పద్ధతే అది. బాడీ కండిషన్ స్కోరింగ్ అని కాలేజీలో చదివాం, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం. వెన్నుపూసల మొనలు రంపం పళ్లలా గుచ్చుకుంటూ, అడ్డుగా పొడుచుకొచ్చిన ఎముకల కిందికి వేళ్లు దూరిపోతే స్కోరు 1. కాస్త నొక్కితే గానీ ఎముక తగలకపోతే 3. ఎంత నొక్కినా ఎముక జాడే దొరకకపోతే 5. పరికరం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు.

కళ్లకు తెలియదా అంటే, తెలియదు. నల్ల దక్కనీ గొర్రె బక్కతనం ఉన్ని కింద దాగిపోతుంది. ఉన్ని కత్తిరించిన రోజున చూసి మేమే ఉలిక్కిపడ్డాం. ఉన్ని లేని నెల్లూరు గొర్రెకు పొట్ట అడ్డం. మేతతోనో చూడితోనో నిండిన పొట్ట చూసి బలంగా ఉందనుకుంటాం. తూకమూ నిజం చెప్పదు. 30 కిలోల దక్కనీ గొర్రె నిండుగా ఉంటే, అంతే బరువున్న పొడుగాటి నెల్లూరు గొర్రె ఎముకలు తేలి ఉండొచ్చు.

అసలు నష్టం ఈతల దగ్గర. గొర్రె చూడి కాలం సుమారు 150 రోజులు. కడుపులో పిల్ల ఎదుగుదలలో దాదాపు 70 శాతం చివరి ఆరు వారాల్లోనే. ఆ వారాలు ఎండాకాలంలో పడ్డాయంటే బీళ్లలో గడ్డిపోచ ఉండదు. కవలలు మోస్తున్న బక్క గొర్రె ఉన్న కాస్త కొవ్వూ కరిగించుకుని, రక్తంలో కీటోన్లు పెరిగి, మేత మానేసి, తల వాల్చి కూలబడుతుంది. అప్పుడు మాకు కబురొస్తుంది. గ్లూకోజ్ ఎక్కిస్తూ, 'ఇంత ఆలస్యమా' అని కాపరినే కసురుకుంటాం. ఆలస్యం అతనిది కాదు. ఆ ఆరు వారాలకు ముందే నడుం తడిమి, బక్కవాటిని విడదీయించి, రోజుకు పావుకిలో దాణా పెట్టమని చెప్పాల్సింది మేము.

ఎందుకు చెప్పలేదు? మా లెక్కలన్నీ తలల లెక్కలే. 2019 పశుగణనలో తెలంగాణ గొర్రెలు 1.9 కోట్లు, దేశంలోనే మొదటి స్థానం అని మురిసిపోయాం. అంతకుముందు 2017లో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతం రాయితీతో పంచినప్పుడు చెవిపోగులు చూశాం, బీమా కాగితాలు చూశాం. పక్క రాష్ట్రాల నుంచి లారీల్లో వచ్చి దిగిన ఆ జీవాల నడుముల్లో ఏం మిగిలిందో చూడలేదు. నట్టల మందు ఎన్నింటికి పోశామో లెక్క పంపాం. నివేదికలో స్కోరుకు గడి లేదని సాకు చెప్పుకున్నాం, గడి గీసుకోవడానికి ఎవరి అనుమతి కావాలో ఇప్పటికీ ఎవరూ అడగలేదు. సిబ్బంది చాలరన్నది నిజమే. కానీ మందు పోయడానికి ప్రతి గొర్రెనూ ఎలాగూ పట్టుకుంటున్నాం. పట్టుకున్న చెయ్యి నడుం దాకా జరగడానికి ఎంతసేపు పడుతుంది?

కాపరన్నలకు ఒక మాట. వచ్చే విడత నట్టల మందు పోసేటప్పుడు ప్రతి గొర్రె నడుమూ పట్టి చూసి స్కోరు చెప్పమని మమ్మల్ని నిలదీయండి. స్కోరు 2 దాటని చూడి గొర్రెలను అక్కడికక్కడే వేరు చేయించండి. మీరు అడక్కపోతే మేం మళ్లీ దొడ్డి బయటి నుంచే వెళ్లిపోతాం.