ఫిర్యాదు మీట అందరికీ, ఎఫ్ఐఆర్ కొందరికేనా?

నేరం కంటబడితే ఫొటో తీసి పోలీసులకు పంపండి అని హైదరాబాద్ పోలీసులు 'హాక్ ఐ' యాప్ తెచ్చి పదేళ్లు దాటింది. ఇలాంటి యాప్‌ల గురించి అపార్ట్‌మెంట్లలో అడిగితే 'భద్రత పెరిగింది' అంటారు. వాడల్లో అడిగితే ఎదురుప్రశ్న వస్తుంది: ఫోన్లో నొక్కితే ఏమవుతుంది, కంప్లైంట్ పోయేది ఆ ఠాణాకే కదా?

దీన్ని టెక్నాలజీ తెలియనితనంగా కొట్టిపారేయలేం. ఠాణాతో తరతరాల అనుభవం నుంచి వచ్చిన ప్రశ్న ఇది. జనమే నేర సమాచారం ఇచ్చే పద్ధతిని అంచనా వేయాలంటే మూడు సంగతులు చూడాలి: ఎవరు చెబుతున్నారు, ఎవరి మీద చెబుతున్నారు, విన్నవాడు ఏం చేస్తున్నాడు.

ఎవరి మీద? హాక్ ఐలో ఇంటి పనివాళ్ల, కిరాయిదారుల, కూలీల వివరాలు నమోదు చేసే విభాగం పెట్టారు. అంటే యజమాని ఫిర్యాదుదారు, పనిమనిషి ముందే అనుమానితురాలు. జీతం ఎగ్గొట్టిన, కులం పేరుతో తిట్టిన యజమాని వివరాలు పనిమనిషి నమోదు చేసే విభాగం మాత్రం పెట్టలేదు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1952లో రద్దయింది గానీ, కొన్ని కులాలను పుట్టుకతోనే అనుమానించే చూపు రద్దు కాలేదు.

ఆ చూపు గుంపు చేతికొస్తే ఏమవుతుందో 2018లో చూశాం. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు పాకాయి. 2018 జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో అయిదుగురిని కొట్టి చంపారు. వాళ్లు భిక్షాటన మీద బతికే సంచార జాతి మనుషులు. 'అనుమానాస్పద వ్యక్తి' అన్న మాటకు మన సమాజంలో కులం, వేషం, వృత్తి ఉంటాయి.

అలాగని ఫోన్‌ను వదిలేద్దామా? 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితులను గోరక్షణ పేరుతో కొట్టారు. ఆ వీడియోను ధీమాగా ప్రచారంలో పెట్టింది దాడి చేసినవాళ్లే. అదే వీడియో దేశాన్ని కదిలించింది, ఉద్యమానికి ఊపిరైంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(ఆర్) కింద అవమానం రుజువు కావాలంటే అది 'ప్రజల కంటబడే చోట' జరిగి ఉండాలి. ఇంటి నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు జరిగితే ఈ సెక్షన్ వర్తించదని 2020లో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే మన కేసు సాక్షి మీద నిలబడుతుంది. ఊరంతా నోరు మూసుకున్నప్పుడు ఫోనే సాక్షి.

అసలు చిక్కు మూడో ప్రశ్న దగ్గరే ఉంది. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో ఎస్సీల మీద నేరాల కింద 57,582 కేసులు నమోదయ్యాయి. ఇవి నమోదైనవి మాత్రమే. ఠాణా గుమ్మం దగ్గర ఆగిపోయినవి ఈ లెక్కలోకి రావు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 173 ప్రకారం ఆన్‌లైన్‌లోనూ ఫిర్యాదు ఇవ్వొచ్చు, కానీ మూడు రోజుల్లో సంతకం చేయాలి. ఎక్కడ చేయాలి? భయపడి తప్పుకున్న ఆ గుమ్మం దగ్గరే అయితే యాప్ వల్ల ఒరిగిందేమిటి?

భయానికి ఇంకో కారణమూ ఉంది. 2024లో హాక్ ఐ వినియోగదారుల సమాచారాన్ని ఒక హ్యాకర్ దొంగిలించి అమ్మకానికి పెట్టాడు. నగరంలో అది చికాకు. భూస్వామి మీద ఫిర్యాదు చేసిన కూలీ పేరు ఊళ్లో బయటపడితే అది పని పోవడం, వెలి, దాడి.

కాబట్టి యాప్ కన్నా ముందు చట్టం తెలియాలి. సెక్షన్ 18ఎ ప్రకారం ఎఫ్ఐఆర్‌కు ప్రాథమిక విచారణ అక్కర్లేదు. ఎస్‌హెచ్‌ఓ నిరాకరిస్తే నిబంధన 5(3) కింద ఫిర్యాదు సారాంశాన్ని రాసి పోస్టులో ఎస్పీకి పంపొచ్చు. విధి విస్మరించిన దళితేతర, ఆదివాసీయేతర అధికారికి సెక్షన్ 4 కింద ఆరు నెలల నుంచి ఏడాది దాకా శిక్ష ఉంది. 14566 హెల్ప్‌లైన్ ఉంది. వీడియో తీస్తే అసలు ఫైలును, వీలైతే ఆ ఫోన్‌నూ భద్రంగా ఉంచాలి. ఫార్వర్డ్ అయిన కాపీని కోర్టులో నిలబెట్టడం కష్టం.

ప్రభుత్వాన్ని అడగాల్సినవీ ఉన్నాయి. ప్రతి పోలీసు యాప్‌లో కుల అత్యాచారాలకు విడిగా విభాగం ఉండాలి. ఆ ఫిర్యాదు స్థానిక ఠాణాతో పాటు ఎస్పీకీ, జిల్లా విజిలెన్స్ కమిటీకీ చేరాలి. ఎన్ని వచ్చాయి, ఎన్ని ఎఫ్ఐఆర్‌లయ్యాయి అన్నది ఏటా బయటపెట్టాలి. ఆ లెక్క బయటికి వచ్చేదాకా వాడ అడిగే ప్రశ్న న్యాయమైనదే: కంప్లైంట్ పోయేది ఆ ఠాణాకే కదా?