మడి కట్టుకున్న మెరిట్టు

పెద్ద పెద్ద యూనివర్సిటీల్లో చదివినవాళ్ళు రాసుకున్న జ్ఞాపకాలు మీరు చదివే ఉంటారు. క్యాంటీన్ టీ, చెట్ల కింద చర్చలు, అర్ధరాత్రి దాకా కవిత్వం, ఒక ప్రేమ, ఒక సమ్మె. ఆ రోజులే జీవితానికి వసంతం అంటారు. అదే హాస్టల్లో, అదే మెస్సులో, అదే ల్యాబులో మేమూ ఉంటిమి గదా! మా వసంతం యాడ పోయింది? ఆ లెక్క వాళ్ళు రాయరు. నేను రాస్తా.

నాది తిరుచానూరు. అలివేలుమంగమ్మ ఊరు. కొండ మీద స్వామిని చూసినోళ్ళు కిందికి దిగి అమ్మవారినీ చూసిపోతారు. కార్తీకంలో పంచమి తీర్థం నాడు పుష్కరిణి చుట్టూ ఇసకేస్తే రాలనంత జనం. వాళ్ళ తెగిన చెప్పులు కుట్టి మా నాయన నన్ను చదివించినాడు. మా అమ్మ నాట్లకూ, చెరుకు నరికేదానికీ కూలికి పొయ్యేది. మా తాత తోళ్ళు ఊనేవాడు. మా మాదిగవాడలో ఎమ్మెస్సీ గడప తొక్కిన మొదటోణ్ణి నేనే, 1993లో. సబ్జెక్టు రసాయనశాస్త్రం. యూనివర్సిటీ పేరు రాయను. రాస్తే అది ఆ ఒక్కదాని జబ్బనుకొని మిగతావన్నీ చేతులు దులుపుకుంటాయి.

ముందు కూటి సంగతి. మెస్ బిల్లు నెలనెలా కట్టాల. స్కాలర్‌షిప్పు ఏడాదికొకసారి, అదీ పరీక్షలు ముంగిట్లోకి వచ్చినాక. ఈ మధ్య నెలల్లో మేమేం తినాల? నోటీసుబోర్డు మీద బకాయిదార్ల జాబితా అతికించేవాళ్ళు. పేరు పక్కన కులం రాసే పని లేదు. ఆ జాబితా చదివితే వాడలు వరసగా కనపడేవి. ఇచ్చేది సర్కారు, ఇయ్యనిది సర్కారు. బాకీదారు పేరు మాత్రం మాది. అప్పులోడి మొహం పెట్టుకొని ప్లేటు పట్టుకొని వరసలో నిలబడినోడికి వసంతం ఎట్లొస్తుంది?

ఇది నా ఒక్కడి కథ గాదు. దళిత విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులు 1944లో మొదలైనాయి. దాని వెనక బాబాసాహెబ్ పట్టుదల ఉంది. ఇన్ని దశాబ్దాలు గడిచినా నెల కూడు నెలలో ఇయ్యాలనే ఇంగితం పాలకులకు రాలేదు. 2008లో ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. వెంటనే బకాయిలూ వచ్చినాయి. సర్కారు కట్టలేదని కాలేజీలు మా పిల్లోళ్ళ సర్టిఫికెట్లు పట్టుకున్నాయి.

రెండోది, మెరిట్టు. 'యూనివర్సిటీలో కులం ఎవరడుగుతారండీ?' అంటారు పెద్దమనుషులు. నిజమే, కులం అడగరు. ర్యాంకు అడుగుతారు. ఇంటిపేరు అడుగుతారు. మీ నాన్నగారు ఏం చేస్తారని అడుగుతారు. ఆ మూడింటితో లెక్క తేలిపోతుంది. తేలినాక రూమ్మేటు రూము మారిపోతాడు. రికార్డు అడిగితే 'ఇంకా రాయలేదు' అంటాడు. నా రోల్ నంబరు వేసిన పేపర్లలో నేను క్లాసులో మూడోవాణ్ణి. మొహం చూసి వేసే మార్కుల్లో, అంటే ల్యాబులో, వైవాలో, చిట్టచివరివాణ్ణి. ఒకే బుర్ర రెండు తీర్లుగా ఎట్లా పనిచేస్తుంది? బుర్ర మారలేదు. కాగితం మీద నంబరుంది, కుర్చీ ముందర మనిషి ఉన్నాడు. అంతే తేడా. 'మీవాళ్ళకు పాసయితే చాలు గదయ్యా, ఉద్యోగం కాచుకోనుంటుంది' అన్నాడొక అయ్యవారు, వైవాలో ప్రశ్న అడగకముందే. దీన్ని అంటరానితనం అనగూడదట. దీని పేరు ప్రమాణాలు కాపాడటమట!

ఇక చదువు లోపల ఏముందో చూడండి. టానిన్లనే పదార్థాల గురించి మాకు పాఠం చెప్పినారు. చెట్ల బెరడులో ఉంటాయి, పచ్చితోలును కుళ్ళిపోకుండా చేస్తాయి అని బోర్డు మీద రాసినారు. మా తాత ఆ పని లందలో చేసేవాడు. తోలును సున్నంలో నానేసి బొచ్చు ఊడదీసి, తంగేడు చెక్కతో ఊనేవాడు. ఎన్నాళ్ళు నానాల, ఏ రంగు తిరిగితే తీయాల, వేలితో నొక్కి చెప్పేవాడు. ఆ సంగతి క్లాసులో నేను చెప్తే ముందు బెంచీలోళ్ళు ముక్కులు మూసుకున్నారు. మద్రాసులో 1948లో కేంద్ర తోళ్ళ పరిశోధనా సంస్థ పెట్టినారు. అక్కడ చేస్తే అది సైన్సు. మా వాడలో చేస్తే కంపు. తరతరాలుగా ఈ దేశానికి తోలు శాస్త్రాన్ని మోసినోళ్ళు చదువురానోళ్ళయినారు. ఆ చెప్పులు తొడుక్కొని నడిచినోళ్ళు మెరిట్టున్నోళ్ళయినారు. ఇదే బ్రాహ్మణీయ విద్య గుట్టు.

1990 గుర్తు చేసుకోండి. బీసీలకు కేంద్ర ఉద్యోగాల్లో మండల్ రిజర్వేషన్లు ప్రకటిస్తే అగ్రకుల విద్యార్థులు నడిరోడ్ల మీద కూర్చొని బూట్లు పాలిష్ చేసినారు. చీపుర్లు పట్టి రోడ్లూడ్చినారు. పేపర్లలో ఫోటోలు! దాని అర్థమేంది? మాదిగోడి పని, పాకీవాళ్ళ పని మాకు పట్టిందే అని ఏడవడమే గదా? మా నాయన బతుకంతా చేసిన పని వాళ్ళకు ఒక పూట అవమానం, ఒక నిరసన రూపం. ఆ పని చేసేవాడి కొడుకు పక్క బెంచీలో కూర్చుంటే ఎట్లా ఓర్చుకుంటారు?

ఇదంతా పాతకాలం గొడవ అనేవాళ్ళకు పేర్లు చెప్తా. ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ వైద్య విద్యార్థుల్ని హాస్టల్లో కొన్ని అంతస్తులకు నెట్టేశారని 2007లో థోరట్ కమిటీ చెప్పింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 2008 ఫిబ్రవరిలో సెంథిల్ కుమార్ అనే తమిళ దళిత పరిశోధకుడు ప్రాణం తీసుకున్నాడు. 2013 నవంబరులో మాదారి వెంకటేశ్. ఇద్దరి విషయంలోనూ లేచిన ప్రశ్న ఒకటే, పరిశోధనకు గైడును ఎందుకు ఇయ్యలేదని. 2016 జనవరి 17న వేముల రోహిత్. హాస్టల్ నుంచి గెంటేస్తే తోటివాళ్ళతో కలిసి క్యాంపస్‌లోనే వెలివాడ కట్టుకొని ఉన్నాడు. చనిపోయేనాటికి ఏడు నెలల ఫెలోషిప్పు, 1,75,000 రూపాయలు, అతనికి రావాల్సి ఉంది. 2024లో పోలీసులు అతను దళితుడే కాదని రాసి కేసు మూయబోయినారు. గగ్గోలు పుట్టినాక మళ్ళీ విచారణ అన్నారు. బతికున్నన్నాళ్ళూ కులం చూసినోళ్ళే, చచ్చినాక కులం లేదంటారు.

2012లోనే యూజీసీ నియమాలు చేసింది. ప్రతి విద్యాసంస్థలో సమాన అవకాశాల విభాగం ఉండాల, వివక్ష మీద ఫిర్యాదులు తీసుకునే అధికారి ఉండాల అన్నది. అయినా 2019లో రోహిత్ తల్లి రాధిక, ముంబైలో బిడ్డను పోగొట్టుకున్న పాయల్ తడ్వీ తల్లి ఆబేదా సుప్రీంకోర్టు మెట్లెక్కాల్సొచ్చింది. కడుపుకోత పడిన తల్లులు అడిగితే తప్ప కాగితం కదలదా?

మా జిల్లాలో ఇంకొక వింత. 2007 ప్రాంతంలో తిరుమల తిరుపతి దేవస్థానం 'దళిత గోవిందం' అని స్వామి విగ్రహాన్ని దళితవాడలకు తెచ్చింది. మంచిదే, దేవుడు మా వీధి చూసినాడు. మరి ప్రొఫెసరు ఎప్పుడు చూస్తాడు? ఊరేగింపు ఒక రోజుది. మాకు కావాల్సింది వైవాలో ఒక న్యాయమైన మార్కు, నెలాఖరులో స్కాలర్‌షిప్పు, చేరిన నెలలోపల గైడు, ఫిర్యాదు చేస్తే విచారించి శిక్షించే అధికారమున్న కమిటీ, అందులో మావాళ్ళు. మేం దయ అడగటం లేదు. సర్కారు సొమ్ముతో, అంటే మా అమ్మ కూలి సొమ్ముతో కూడా కట్టిన భవనాల్లో మా వాటా అడుగుతున్నాం.

ఇదంతా చదివి యూనివర్సిటీకి పోవద్దు అనుకుంటారేమో తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! పోవాల్సిందే. మనం రాకుంటే వాళ్ళకు పండగ. అయితే ఒంటిగా పోవద్దు. చేరిన రోజే మనవాళ్ళెవరున్నారో వెతుక్కోండి. సంఘం ఉంటే చేరండి, లేకుంటే పెట్టండి. ఎవడు ఏమన్నాడో తేదీ వేసి రాసిపెట్టుకోండి. ఇచ్చిన ప్రతి అర్జీకీ రసీదు తీసుకోండి. మీ నాయన ఏం చేస్తాడని అడిగితే, గొంతు తగ్గించకుండా చెప్పండి.